మిద్దె కారుతోంది... కొట్టేద్దామా, కాపాడుకుందామా?

తిరుపతిలోనో, చంద్రగిరిలోనో తాతల నాటి ఇల్లున్న ప్రతి కుటుంబానికీ ఒక వాట్సాప్ గ్రూప్ ఉంటుంది. ఏడాదంతా గుడ్ మార్నింగులే. నవంబర్‌లో వాన పడగానే నడిమింట్లో బకెట్ పెట్టిన ఫొటో ఒకటి వస్తుంది. కింద అవ్వ వాయిస్ మెసేజ్: "బయట ఆగినా ఇంట్లో ఆగలేదురా నాయినా!" ఇక చర్చ మొదలు. బెంగళూరులో ఉన్న చిన్నాయన "కొట్టేసి మూడంతస్తులు లేపుదాం, యాత్రికులకి బాడుగకిద్దాం" అంటాడు. అత్త ఏడుపు ఎమోజీ పెడుతుంది. మీరేమో స్క్రోల్ చేస్తారు. కానీ ఆ ఇల్లు రేపు మీ చేతికే వస్తుంది. అందుకే ఈ కథనం మీకు.

ముందు కొండమీది సంగతి. తిరుమలలో శ్రీవారి గుడి చుట్టూ మాడవీధుల్లో ఒకప్పుడు ఇళ్లు, అంగళ్లు, మఠాలు ఒకదానికొకటి ఆనుకుని ఉండేవి. భక్తులు పెరిగారు, వీధులు చాల్లేదు. మాస్టర్‌ప్లాన్ వచ్చి ఆ ఇళ్లను తీసేశారు. గుడి ఎదుటి వేయికాళ్ల మండపం కూడా 2003లో పోయింది. ఇప్పుడు కొండమీద స్థానికులు ఎక్కువగా బాలాజీనగర్‌లో ఉంటున్నారు. 2023లో పార్వేట మండపాన్ని విప్పి కొత్తగా కట్టినప్పుడు, ఉన్నదాన్ని బాగుచేస్తే సరిపోయేది కదా అని పెద్ద రచ్చే జరిగింది. మాడవీధిలో ఇల్లున్నవాళ్లకి 'కొట్టేద్దామా, ఉంచుదామా' అన్న ప్రశ్నే మిగల్లేదు. కొండ కింద మనకి ఇంకా ఉంది.

ఇంతకీ పాత మిద్దె దేనితో కట్టారు? మన వైపు మిద్దెల్లో చాలావాటిది మద్రాసు పద్ధతి. గోడల మీద దూలాలు, వాటి మీద దంతెలు పరుస్తారు. ఆపైన బిస్కెట్ లాంటి సన్నటి ఇటుకల్ని ఏటవాలుగా, నిలువుగా సున్నంతో పేరుస్తారు. దాని మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపిన గచ్చు పోసి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ కట్టెలతో రోజుల తరబడి దిమ్మిస చేస్తారు. చివర పలకల్లాంటి పెంకులు పరుస్తారు. ఇందులో ఇనుము లేదు, సిమెంటు లేదు. గోడలేమో రాయీ మట్టీ, లేదంటే ఇటుకా సున్నం. మూరెడు మందం. మే నెల ఎండలో కూడా ఆ నడిమింట్లో చాప వేసుకుని పడుకోవచ్చు. పక్క కాంక్రీట్ అపార్ట్‌మెంట్‌లో ఏసీ లేకుండా ప్రయత్నించి చూడండి!

సరే, మిద్దె కారింది. మేస్త్రీని పిలుస్తాం. ఆయన పైకెక్కి చూసి, "రెండు మూటల సిమెంటు పూసేద్దాం సార్, పదేళ్లు చూడక్కర్లా" అంటాడు. నూటికి తొంభై ఇళ్లు పాడయ్యేది ఇక్కడే అని నా గట్టి నమ్మకం (లెక్క నాదే, ఎవరూ సర్వే చేయలేదు). సున్నం గోడ తడి పీల్చుకుంటుంది, ఎండ రాగానే వదిలేస్తుంది. పాత ఇల్లు బతికేదే ఆ ఊపిరితో. దాని మీద సిమెంటు పూస్తే ముక్కు మూసినట్టే. నేలలోంచి ఎక్కిన చెమ్మ బయటికి పోలేక ఇంకా పైకి ఎగబాకుతుంది. ఉప్పు పొడి లేస్తుంది, పెయింట్ బుడగలు కడుతుంది. రెండు మూడేళ్లకి సిమెంటు పెచ్చు ఊడుతూ ఇటుక ముఖాన్ని కూడా పీక్కుని వస్తుంది. మిద్దె మీదైతే ఇంకా ప్రమాదం. సిమెంటు పొర ఎండకి పగులుతుంది, ఆ పగుల్లోంచి దిగిన నీళ్లు లోపలే నిలిచి దంతెల చివర్లని కుళ్లబెడతాయి. పైకి చూస్తే అంతా బాగానే కనబడుతుంది!

సున్నం కెమిస్ట్రీ మీకు తొమ్మిదో పదో తరగతిలో వచ్చిందే. సున్నపురాయిని కాలిస్తే పొడి సున్నం, నీళ్లు పోస్తే తడి సున్నం. గోడకి పూశాక గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని మెల్లగా పీల్చుకుని మళ్లీ రాయవుతుంది. ఈ మెల్లగా అన్నదే కష్టం. సిమెంటులా మర్నాటికి గట్టిపడదు. గోనెపట్టలు తడిపి కప్పి, రోజూ నీళ్లు చల్లుతూ కాపలా కాయాలి. కాంట్రాక్టర్లకి అంత ఓపిక ఉండదు, తెలిసిన మేస్త్రీలు కూడా తగ్గిపోయారు. గుళ్ల మరమ్మతుల్లో గానుగ సున్నం పనిచేసిన పెద్దాయన ఎవరైనా మీ ఊళ్లో ఉంటే, ముందు ఆయన నంబర్ సేవ్ చేసుకోండి.

ఈ సున్నం పని ఎన్నాళ్లు నిలుస్తుందని అనుమానమా? తిరుపతికి పక్కనే చంద్రగిరి రాజమహల్ ఉంది, వెళ్లి చూడండి. విజయనగర రాజుల కాలం నాటిది, మూడంతస్తులు. రాయి, ఇటుక, సున్నం తప్ప కట్టడంలో కలప వాడలేదంటారు.

ఆ కోట దగ్గర ఇల్లున్నవాళ్లు మాత్రం ఈ పేరా రెండుసార్లు చదవండి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్తగా కట్టడం నిషేధం. ఆ తర్వాతి 200 మీటర్లలో అనుమతి తీసుకుని కట్టాలి. 2010లో సవరించిన చట్టం ఇది. మొదటి 100 మీటర్లలో 1992 జూన్ 16కి ముందు నుంచీ ఉన్న ఇంటికి అనుమతితో మరమ్మతు చేసుకోవచ్చు. కానీ మరమ్మతు అంటే ఉన్నదాన్ని బాగుచేయడమే, పడగొట్టి మళ్లీ కట్టడం కాదని చట్టమే చెబుతోంది. అంటే చిన్నాయన మాట విని జేసీబీ తెస్తే ఇల్లూ పోతుంది, మూడంతస్తులూ రావు, ఖాళీ స్థలం మిగులుతుంది. గుడిమల్లం పరశురామేశ్వరాలయం చుట్టుపక్కల ఉన్నవాళ్లకీ ఇదే రూలు. మిగతా చోట్ల కూడా గోడ జరిపినా, గది పెంచినా మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో అడిగాకే పని మొదలు పెట్టండి.

2021 నవంబర్ వానలు గుర్తున్నాయా? తిరుపతి శ్రీకృష్ణనగర్‌లో ఒకామె సంపు కడుగుతుంటే, సిమెంటు వరలతో సహా అది భూమిలోంచి పైకి లేచింది. ఆ వీడియో అందరి ఫోన్లలోనూ తిరిగింది. మాయా లేదు, మంత్రమూ లేదు. ఖాళీ అయిన సంపుని చుట్టూ ఉబికిన భూగర్భ జలం పైకి నెట్టింది. నీటికి అంత బలం ఉంది. పాత ఇంటికి అసలు శత్రువు వయసు కాదు, నీళ్లే. ముందు వీధిలోకి వెళ్లి నిలబడి చూడండి. తాత కట్టినప్పుడు ఇల్లెక్కడానికి మూడు మెట్లు ఉండేవి. రోడ్డు మీద రోడ్డు వేసి వేసి ఇప్పుడు మనమే ఇంట్లోకి దిగుతున్నాం. వీధి నీళ్లూ మనతోపాటే దిగుతాయి. గడప ముందు కాలువ తీయకుండా లోపల లక్షలు పోసినా దండగే.

అందుకే డబ్బు ఖర్చు పెట్టే వరస ముఖ్యం. నీళ్లు పోయే దారి, తర్వాత మిద్దె, ఆ తర్వాత కట్టె. గోడలో దూరిన దూలం చివర్ని స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి. మెత్తగా దిగితే చెదలో కుళ్లో ఉన్నట్టే. అంతమాత్రానికే దూలం మొత్తం మార్చక్కర్లేదు. పాడైన ముక్క కోసేసి కొత్త కట్టె అతికే వడ్రంగులు ఇంకా ఉన్నారు. కాకపోతే గోడలో పెద్ద పగులుంటే, మిద్దె నడుము వంగి ఉంటే మాత్రం యూట్యూబ్ ఆపేసి స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలవండి. అన్ని పాత ఇళ్లూ బతకవు. పడిపోయేదాంట్లో అవ్వని ఉంచడం ప్రేమ కాదు. వైరింగ్ మాత్రం మొహమాటం లేకుండా కొత్తది వేయించండి. బాత్రూమ్ కూడా. దాన్ని పాత గోడకి ఆనించకుండా వెనక దొడ్లో విడిగా కడితే చెమ్మ బాధ తప్పుతుంది.

ఇంకో మాట. "పాత తలుపులు కొంటాం" అని వీధిలో తిరిగేవాళ్లు వస్తారు. తూకం రేటు చెప్తారు, తొందరపడకండి. తమిళనాడులోని కారైకుడిలో పాత ఇళ్ల తలుపులు, స్తంభాలు అమ్మే అంగళ్లే ఒక వీధి నిండా ఉన్నాయి. మీ ఇంట్లో కట్టెల కింద పోయిన టేకు ద్వారబంధం ఏదో రిసార్ట్‌లో పాలిష్ కొట్టుకుని నిలబడుతుంది.

పని ఎప్పుడు మొదలుపెట్టాలంటారా? మనకి పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. సంక్రాంతి దాటాక మిద్దె విప్పితే, ఎండలు ముదిరేలోపు సున్నం పని అయిపోతుంది. ఈ ఏడాదికి ఒక్క గది చాలు. ఈలోగా ఒక ఆదివారం మిద్దెక్కి, నీళ్లు పోయే గొట్టంలో ఇరుక్కున్న ఆకులు తీసి, ఆ గోడ పగుల్లో మొలిచిన రావి మొక్కని వేరుతో సహా పీకేయండి. ఆ ఫొటో గ్రూప్‌లో పెట్టండి. చిన్నాయన ఏమంటాడో చూద్దాం.