తెల్లకంకి నేర్పే పాఠం

పండిన కంకి తలవంచుతుంది. తాలు కంకి తెల్లబడి నిటారుగా నిలుస్తుంది. వరిచేలో తెల్లకంకి కనిపించిందంటే, కాండం తొలిచే పురుగు తన పనిని అప్పటికే ముగించిందని గ్రహించాలి.

ఈ పురుగు క్రాంబిడే అనే కీటక కుటుంబానికి చెందినది. ఈ కుటుంబంలో సుమారు 10,000 జాతులున్నాయి. పగటివేళ గడ్డిపరకలను అంటిపెట్టుకొని, రెక్కలను ఒంటికి చుట్టుకొని, కదలక ఉండటం వీటిలో పెక్కింటి స్వభావం. వరిలో ఆకుముడత పురుగు, వంగలో కాయతొలుచు పురుగు, చెరకులో పీకపురుగు ఈ కుటుంబంలోనివే. పరిశ్రమలతో పాటు వరి, చెరకు పొలాలు కూడా ఉన్న అచ్యుతాపురం, అనకాపల్లి ప్రాంతాల రైతులకు ఇవి చిరపరిచితాలు.

రెక్కలు వచ్చిన తల్లిపురుగు పైరును తినదు. హాని చేసేది దాని గొంగళిపురుగు. వరిలో పసుపువన్నె తల్లిపురుగుకు ముందురెక్కలపై ఒక్కొక్క నల్లని చుక్క ఉంటుంది. అది ఆకుకొసల వద్ద గుంపుగా గుడ్లు పెట్టి, వాటిని నూగుతో కప్పుతుంది. గుడ్ల నుండి వెలువడిన పురుగులు కాండంలోకి చొచ్చుకొనిపోయి లోపలి భాగాన్ని తింటాయి. పైరు పిలకదశలో ఉంటే మొవ్వు ఎండిపోతుంది. ఈనే దశలో ఉంటే తెల్లకంకి వస్తుంది. తెల్లబడిన కంకిలో ఏ మందూ తిరిగి గింజను నింపలేదు. ఆ దశలో అప్పు చేసి మందు చల్లిన రైతుకు పంటనష్టంతో పాటు రుణభారమూ మిగులుతుంది.

కాబట్టి శత్రువును గుడ్డుగా ఉన్నప్పుడే గుర్తించడం వివేకం. నాట్లకు ముందు నారు కొసలను తుంచివేస్తే, వాటిపైనున్న గుడ్లు పొలానికి చేరవు. దీపపు ఎరలు, లింగాకర్షక బుట్టలు తల్లిపురుగుల రాకను ముందుగా తెలుపుతాయి. చెరకు నాటిన తరువాత చాళ్లపై చెరకు చెత్తను కప్పితే, లేత పిలకలను చంపే పీకపురుగు ఉద్ధృతి తగ్గుతుంది. అనకాపల్లిలో 1913లో చెరకు పరిశోధనకై ఆరంభమైన కేంద్రం నేడు ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలో భాగంగా ఈ ప్రాంత రైతులకు సేవలందిస్తున్నది.

ప్రకృతిలోనే ఈ పురుగులకు విరోధి ఉంది. ట్రైకోగ్రామా అనే అతిచిన్న పరాన్నజీవి పొడవు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అది పురుగు గుడ్డులోనే తన గుడ్డును పెట్టి, లోపలి పిండాన్ని నశింపజేస్తుంది. ప్రయోగశాలల్లో దీనిని పెంచడానికి నిల్వధాన్యాన్ని పాడుచేసే బియ్యపు పురుగు గుడ్లను వాడతారు. ఆ బియ్యపు పురుగు క్రాంబిడే కుటుంబానికి దగ్గరి బంధువే! అట్లు పెంచిన ట్రైకోగ్రామాను అట్టముక్కలపై ఉంచి పొలాలకు చేరుస్తారు.

పురుగు జీవితచక్రం తెలిసిన రైతు ఎప్పుడు, ఎక్కడ, ఏమి చేయవలెనో తెలుసుకొంటాడు. విచక్షణ లేక చల్లిన మందు ట్రైకోగ్రామా వంటి మిత్రులను సైతం చంపుతుంది. పైరును కాపాడే మొదటి సాధనం సకాలంలో చేసే పరిశీలన.