పల్లిపాటి ఆశ్రమమున ఒక వేసవి పగలు

రోహిణీకార్తె ఎండలు. నెల్లూరి నుండి తూర్పుగా పల్లిపాటికి బయలుదేరునప్పటికి ప్రొద్దు బారెడెక్కినది. తోడుగా మా అన్నగారు వచ్చిరి. ఆయన చేతిసంచిలో మా తండ్రిగారి తోట తాలూకు కౌలు కాగితములున్నవి. సముద్రపుటొడ్డున మూడెకరముల తోట అది. రొయ్యల గుంటలకు అడుగుచున్నారు. సాయంకాలము సంతకములు చేయవలెను. అంతవరకు పగలు గడపుటకే ఈ ఆశ్రమ దర్శనము.

పెన్నకు పినాకిని యని పేరు. ఆ పేరిటనే వెలసిన పినాకినీ సత్యాగ్రహాశ్రమమును 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించిరి. 1929లో మరల వచ్చిరి. నెలకొల్పినవారు దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్యగార్లు. దక్షిణాఫ్రికాలోని పారశీ వర్తకుడు రుస్తుంజీ 10,000 రూపాయల విరాళమిచ్చెను. రాట్నము, ఖద్దరు, అస్పృశ్యతా నివారణము ఇచటి నిత్యకృత్యములుగా ఉండెడివి.

స్థలమిచ్చినవారు పొణకా కనకమ్మగారు (1892–1963). ఈ 13 ఎకరములను ఆమె తొలుత కొన్నది విప్లవకారుల ఆయుధశిక్షణ కొరకు. మనసు అహింసవైపు మరలిన పిమ్మట ఆ నేలనే ఆశ్రమమునకు ఒసగిరి. తుపాకి పేలవలసిన చోట రాట్నము తిరిగినది!

చెట్టునీడన కూర్చుండి ఈ కథ చెప్పితిని. అన్నగారు చెమట తుడుచుకొనుచు, "ఆమెకు ఉన్నది, ఇచ్చింది. మనకు ఆ మూడెకరాలే గదరా!" అనిరి.

ఆ మాటకు నాకు బదులు దొరకలేదు. కుమార్తె పెండ్లి అప్పు ఆయనది. నీతివాక్యములు మాత్రమే నావి. అయినను ఒక్కటి చెప్పితిని. కనకమ్మగారి భూమి చేతులు మారినది గాని నేల చెడలేదు. నూరేండ్లు దాటినను మనకింత నీడ దొరికినది. మన తోట గుంటయైనచో ఉప్పునీరు దొరువులోనికి దిగును. ప్రక్కవారి దొరువులకును ప్రాకును. గడువు తీరినపిమ్మట భూమి మనచేతికి వచ్చును గాని, తోట రాదు.

అన్నగారు పలుకలేదు. తిరుగుదారిలో తోటకడ బండి ఆపించిరి. దొరువులోని నీరు దోసిట పట్టి త్రాగి, చాలసేపు అచటనే నిలిచిరి. "అప్పువాడు ఈ నీళ్లు తాగి ఊరుకుంటాడా?" అని మెల్లగా అడిగిరి.

ఇన్నేండ్లుగా తరగతిలో త్యాగమును గూర్చి పాఠములు చెప్పితిని. పాఠము చెప్పినవాడు పైసా విదల్పకున్న, ఆ పాఠమునకు విలువ యేమి? అప్పులో సగము నాదనియు, నా జీతము నుండి నెలనెలా చెల్లింతుననియు అంటిని.

అన్నగారు నావైపు ఒకమారు చూచి, కాగితములను మడిచి సంచి అడుగున పెట్టిరి. ఆ సాయంకాలము సంతకము జరుగలేదు.