అనుభవం లేనివారికి ఉద్యోగం: ఊత్తుకోట సరిహద్దు సీమలో అపోహలు – వాస్తవాలు

తమిళనాడు తిరువళ్ళూరు జిల్లాలో, ఆంధ్ర సరిహద్దును ఆనుకొని ఆరణి నది ఒడ్డున ఉన్న ఊత్తుకోట చుట్టూ పారిశ్రామిక వాడలకు కొదవ లేదు. తూర్పున గుమ్మిడిపూండి సిప్కాట్, సత్యవేడు దాటితే శ్రీసిటీ, దక్షిణాన శ్రీపెరంబుదూరు, ఒరగడం ఉన్నాయి. అయినా ఈ ప్రాంతంలోనూ, 1960 ఏప్రిల్ 1న నాటి మద్రాసు రాష్ట్రంలో కలిసిన తిరుత్తణి తాలూకాలోనూ ఉన్న తెలుగు కుటుంబాల పిల్లలు చాలామంది ప్రకటనలో 'అనుభవం తప్పనిసరి' అన్న మాట కనబడగానే వెనుదిరుగుతారు. ఆ మాట ఒకచోట చట్టం విధించిన అర్హత, మరొకచోట యజమాని పెట్టుకున్న జల్లెడ, ఇంకొకచోట కేవలం కాగితపు రుజువు. ఈ మూడింటినీ ఒకటిగా చూడటంవల్లనే కింది అపోహలు పాతుకుపోయాయి.

అపోహ: అడిగినన్ని సంవత్సరాల అనుభవం లేకపోతే దరఖాస్తు చేయడమే దండగ.

ప్రభుత్వ, ప్రభుత్వరంగ సంస్థల ప్రకటనల్లో ఇది చాలావరకు నిజమే. 'అవశ్య అర్హత' కింద రాసినది దరఖాస్తుకు గడువు ముగిసే నాటికే ఉండాలని, తరువాత సంపాదించినది చెల్లదని సుప్రీంకోర్టు 1997లో అశోక్ కుమార్ శర్మ కేసులో స్పష్టం చేసింది. అయితే అదే ప్రకటనలో 'వాంఛనీయ అర్హత' అని వేరుగా రాసినది, అంటే ఉంటే మంచిది గాని లేకపోయినా అనర్హత కానిది, చాలామంది దృష్టికి రాదు. ప్రైవేటు కర్మాగారాల్లో ఎక్కువ పనులకు అనుభవం ఇంత ఉండాలని ఏ చట్టమూ చెప్పదు. అది యజమాని ఇష్టం గనుక సడలించుకునే వీలూ ఆయనకే ఉంటుంది. కొన్ని వృత్తులు మాత్రం ఇందుకు మినహాయింపు. ఉదాహరణకు, 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం తేలికపాటి వాహన లైసెన్సు పొంది కనీసం ఏడాది గడవనిదే రవాణా వాహనానికి లెర్నర్ లైసెన్సు ఇవ్వరు కాబట్టి, లారీ యజమాని ఎంత దయతలచినా ఆ గడువును తగ్గించలేడు.

పదో తరగతి అర్హతతో తమిళనాడు పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్వహించే గ్రూప్–4 పరీక్షలో పని అనుభవం ప్రసక్తే లేదు. తెలుగు మాధ్యమంలో చదివినవారికి అక్కడ అడ్డుపడేది 2021 డిసెంబరు ఉత్తర్వుతో తప్పనిసరి అయిన తమిళ అర్హత పరీక్ష. అందులో 40 శాతం మార్కులు రాకపోతే మిగిలిన పత్రాన్ని దిద్దనే దిద్దరు. అనుభవం లేదని దిగులుపడే తిరుత్తణి విద్యార్థి నిజానికి దృష్టి పెట్టవలసింది ఆ తమిళ పరీక్షమీద.

అపోహ: మరమగ్గాల షెడ్డులో పనిచేసినది అనుభవం కింద లెక్కకు రాదు.

తిరుత్తణి, పళ్ళిపట్టు, ఆర్.కె.పేట ప్రాంతాల్లోనూ, సరిహద్దుకు ఆవలి నగరిలోనూ మరమగ్గాలమీద బతికే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అక్కడ ఒక్క మనిషే కొన్ని మగ్గాలను ఒకేసారి చూసుకుంటూ, మోత మారడాన్ని బట్టి ఏ మగ్గంలో తేడా వచ్చిందో పసిగట్టి, దాన్ని ఆపి తెగిన పడుగు పోగు కొసలు వెతికి ముడివేసి, ఈలోపు పక్క మగ్గం నాడెలో కండె ఖాళీ కాకుండా మార్చుతాడు. యంత్రాన్ని కనిపెట్టుకొని ఉండటం, లోపాన్ని వెంటనే గుర్తించడం, షిఫ్టు పొడుగునా నిలబడి పనిచేయడం అనే మూడు గుణాలనే కర్మాగారం కూడా వెతుకుతుంది. అంటే ఇతనికి లేనిది అనుభవం కాదు, అది ఉన్నట్టు చెప్పే కాగితం. ఈ తేడాను ఉద్యోగార్థులే కాదు, వారికి సలహాలిచ్చే పెద్దలు కూడా పట్టించుకోకపోవడం విచారకరం.

ఈ లోటును పూడ్చేందుకు 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో 'పూర్వాభ్యాస గుర్తింపు' అనే విభాగం ఉంది. బడిలో గాక పనిలోనే నేర్చుకున్న నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వడం దీని ఉద్దేశం. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ కార్మికులందరికీ నియామక పత్రం ఇవ్వాలని కూడా చెబుతోంది. అయితే ఆ కోడ్ ప్రధానంగా పదిమంది, అంతకుమించి పనిచేసే సంస్థలను ఉద్దేశించినది కాబట్టి, ఇంటి వెనుక నాలుగు మగ్గాల షెడ్డులో పనిచేసే వ్యక్తికి దానివల్ల ఒరిగేది తక్కువ. అతని విషయంలో, దరఖాస్తులో 'ఇంటి పని' అని రాసి ఊరుకోకుండా ఎన్ని మగ్గాలు నడిపినదీ, ఏ రకం బట్ట నేసినదీ, మరమ్మతుల్లో ఏవి స్వయంగా చేసినదీ వివరంగా రాయడమే ఎక్కువ అక్కరకు వస్తుంది.

అపోహ: అప్రెంటిస్‌గా చేరితే ఆ సంస్థలోనే ఉద్యోగం ఖాయం, లేదా ఆ ఏడాదంతా వెట్టిచాకిరీ.

ఈ రెండూ సరికావు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం అప్రెంటిస్, అంటే ఒప్పందంమీద స్టైపెండు తీసుకుంటూ పని నేర్చుకునే వ్యక్తి, శిక్షణార్థి మాత్రమే గాని కార్మికుడు కాడు. ఒప్పందంలో ప్రత్యేకంగా రాసుకుంటే తప్ప శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇచ్చే బాధ్యత యజమానికి లేదు. అయినా మిగతా అర్హతలన్నీ సమానంగా ఉన్నప్పుడు శిక్షణ పొందినవారికి ప్రాధాన్యం ఇవ్వాలని 1995లో ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రైల్వే లెవెల్–1 నియామకాల్లోనైతే రైల్వే సంస్థల్లో శిక్షణ పూర్తిచేసిన అప్రెంటిస్‌లకు 20 శాతం ఖాళీలు కేటాయిస్తారు. 1955లో పెరంబూరులో ప్రారంభమైన రైలు పెట్టెల కర్మాగారం ఐటిఐ చదివినవారితోపాటు, ఐటిఐ ముఖం చూడని పదో తరగతి ఉత్తీర్ణులను కూడా 'ఫ్రెషర్లు' అనే వర్గం కింద తీసుకుంటుంది. అనుభవమే లేనివారికి ఇంతకంటె సూటి దారి ఈ చుట్టుపక్కల అరుదు.

ముప్పైమంది లేదా అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాలన్న నిబంధన కూడా ఉంది. శిక్షణ కాలాన్ని అనుభవంగా లెక్కించాలా వద్దా అన్నది మాత్రం సంస్థను బట్టి మారుతుంది. లెక్కించబోమని ముందే రాసే ప్రకటనలూ ఉన్నాయి కాబట్టి చిన్న అక్షరాలు కూడా చదవాలి.

అపోహ: ఉపాధి కార్యాలయంలో పేరు నమోదై ఉంటే వరుస వచ్చినప్పుడు పిలుపు అదే వస్తుంది.

ఖాళీలను తెలియజేయాలన్న 1959 నాటి చట్టమే, ఉపాధి కార్యాలయం ద్వారానే నియమించాలన్న నిర్బంధం యజమానికి లేదని చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లోని కృష్ణా జిల్లా ఎక్సైజ్ నియామకాలకు సంబంధించిన 1996 నాటి కేసులోనైతే, కార్యాలయం పంపిన పేర్లతో సరిపెట్టకుండా పత్రికల్లోనూ ప్రకటించి, వచ్చినవారందరినీ పరిశీలించాలని సుప్రీంకోర్టు తేల్చింది.

అపోహ: శ్రీసిటీ ఆంధ్రలో ఉంది గనుక తెలుగు మాట్లాడితే చాలు.

పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే దక్కాలని ఆంధ్రప్రదేశ్ 2019లో చేసిన చట్టం స్థానికతను నివాసాన్ని బట్టి నిర్వచించింది గాని మాతృభాషను బట్టి కాదు. ఊత్తుకోట తెలుగువారు ఆ లెక్కలో స్థానికేతరులే. ఆ చట్టంలోనే ఉన్న మరో అంశం ఈ వ్యాసానికి మరింత సంబంధించినది: అర్హులైన స్థానికులు దొరకకపోతే, ప్రభుత్వంతో కలిసి మూడేళ్ళలో వారికి శిక్షణ ఇవ్వాలని అది పరిశ్రమలకు చెప్పింది.

అపోహ: అనుభవ పత్రం కొనుక్కుంటే ఎవరికీ తెలియదు.

2014 నుంచి ప్రతి భవిష్యనిధి (పీఎఫ్) చందాదారుకూ ఒకే శాశ్వత ఖాతా సంఖ్య అమలులో ఉంది. ఎవరు, ఎక్కడ, ఎప్పటినుంచి ఎప్పటివరకు పనిచేసినదీ ఆ సంఖ్యతో బయటపడుతుంది కాబట్టి, పత్రంలోని తేదీలు ఆ చరిత్రతో సరిపోలకపోతే తనిఖీలో దొరికిపోవడం తేలిక. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 340వ సెక్షను ప్రకారం నకిలీ పత్రాన్ని నిజమైనదని చూపడం కూడా నేరమే. విచిత్రమేమిటంటే, గుత్తేదారు కింద ఏడాది రెండేళ్ళు నిజంగానే పనిచేసినవారు సైతం, కంపెనీ పేరు లేదన్న నామోషీతో ఆ పనిని దాచిపెట్టి దొంగ పత్రం కోసం డబ్బు పోస్తారు. వారి జీతంలోంచి కోసిన పీఎఫ్ గుత్తేదారు పేరుమీద జమైనా అది అసలైన సేవా చరిత్రే. పీఎఫ్ పాస్‌బుక్, జీతం చీటీలు, కర్మాగారం ఇచ్చిన గేటు పాసు కలిపి చూపితే పనిచేసిన కాలం రుజువవుతుంది.