మంచం పట్టిన కేన్సర్ రోగికి ఏ వైద్యం?

"ఉన్న అరెకరం అమ్మియైనా ఇంకొక్క కీమో చేయిద్దాం" అని ఇంటివారు ప్రేమకొద్దీ అనుకోవడం సహజం. కాని ఆ మందుకు ముందు డాక్టరుగారు రోగి ఓపికను కొలుస్తారు.

ఆ కొలతను అమెరికా వైద్యులు 1982లో ప్రచురించారు. పనులన్నీ మునుపటివలె చేసికొనేవారికి 0, బరువు పనులు మాత్రం చేయలేనివారికి 1. కూలిపని చేయలేకపోయినా స్నానం, భోజనం తామే చూచుకొంటూ, పగలు సగానికి పైగా లేచి తిరిగేవారికి 2. సగానికి మించి మంచంమీదనో కుర్చీలోనో గడిపేవారికి 3. పూర్తిగా మంచం పట్టినవారికి 4.

గడ్డ ముదిరి 3, 4 అంకెలలో ఉన్నవారికి కీమోవలన సాధారణంగా మేలుకంటె బాధే ఎక్కువ. మినహాయింపులు లేకపోలేదు. నీరసానికి రక్తహీనతో, ఇన్ఫెక్షనో కారణమైతే, దానిని సరిచేసిన తరువాత రోగి కోలుకొనవచ్చు. కొన్ని ఊపిరితిత్తుల కేన్సర్లకు జన్యు పరీక్షను బట్టి ఇచ్చే మాత్రలు బలహీనులకు సైతం పనిచేస్తాయి. కనుక ఈ సంగతులు ముందుగా అడిగి తెలిసికొనండి.

కీమో ఆపితే వైద్యం ఆగినట్లు కాదు. ఎముకల నొప్పికి ఒక్కసారి కరెంటు పెట్టించినా చాలామందికి ఉపశమనం కలుగుతుంది. తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ మాత్రలున్నవి. అవి రోగులకు సులువుగా అందుటకై 2014లో చట్టాన్ని సవరించారు. హైదరాబాదు ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రిలో ఉపశమన వైద్య విభాగమున్నది. ముదిరిన ఊపిరితిత్తుల కేన్సరులో మొదటినుండి ఇట్టి వైద్యం కూడా పొందినవారు తక్కువ దిగులుతో, ఎక్కువకాలం జీవించినట్లు 2010లో ఒక అధ్యయనం తెలిపింది.

పొలం బేరం పెట్టకముందే డాక్టరుగారిని అడగండి: "ఈ మందువలన ఈయన లేచి తిరుగుతారా? ఇవ్వకపోతే నొప్పి ఎలా తగ్గిస్తారు?" తరువాత రోగి మంచం దగ్గర కూర్చొని, ఆయన కోరిక ఏమిటో కూడా వినండి.