హైబ్రిడ్ కారు: ఇల్లాలి లెక్క

కారు కొనుట మగవారి వ్యవహారమనియు, అందులో ఆడవారిని అడుగవలసినది రంగు మాత్రమేననియు చాలమంది తలంతురు. మా యింటను మొన్నటివఱకు అట్లే యుండెను. ప్రత్తి యమ్మిన సొమ్ము చేతికి రాగానే మా మరిది, “వదినా, ఈసారి హైబ్రిడ్ కారు కొందము; పెట్రోలు సగము మిగులును,” అనెను. ఆ సొమ్ములోనే మా పెద్దపిల్ల కళాశాల ఫీజును, బోరుబావి మరమ్మతును ఉన్నవి. కావున రంగు సంగతి మా మరిదికే విడిచి, లెక్క సంగతి నేను పట్టుకొంటిని. ఇట్టి ప్రస్తావన వచ్చిన యిండ్లు మఱికొన్నియు నుండును గనుక, సోదరీమణులకు మేము విచారించి తెలిసికొన్నది వ్రాయుచున్నాను.

హైబ్రిడ్ అనగా పెట్రోలు ఇంజను, విద్యుత్తు మోటారు రెండును గల బండి. సైకిలుకు డైనమో దీపము పెట్టుకొని త్రొక్కినవారికి దీని రహస్యము సులభముగా బోధపడును. డైనమో చక్రమునకు తగిలినంతనే సైకిలు బరువెక్కును, దీపము వెలుగును. హైబ్రిడ్ కారులో బ్రేకు నొక్కినప్పుడు అట్టి బరువే బండి వేగమును తగ్గించును. అప్పుడు పుట్టిన విద్యుత్తు బ్యాటరీలో చేరి, మరల కదలునప్పుడు మోటారును త్రిప్పును. జపానులో టొయోటా కంపెనీవారు 1997 డిసెంబరులో ప్రియస్ అను కారుతో దీనిని జనసామాన్యమునకు అందించిరి. మన దేశమున మధ్యతరగతివారు ధర యడుగుటకైనను సాహసింపదగిన హోండా సిటీ, టొయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా హైబ్రిడ్లు 2022లో వచ్చినవి. వీనిని ఇంటి ప్లగ్గునకు తగిలించి చార్జి చేయవలసిన పని లేదు.

మొదటి చిక్కు పేరులోనే యున్నది. మేము పోయిన షోరూములో అమ్మకపు కుఱ్ఱవాడు, “ఇది హైబ్రిడే, ధర కూడ తక్కువే,” అని యొక బండిని చూపెను. మా మరిది ముఖము వికసించెను. “ఇంజను ఆపి, కేవలము విద్యుత్తుతో దీనిని నాలుగడుగులు నడిపి చూపుము,” అని నేనడిగితిని. ఆ కుఱ్ఱవాడు నవ్వి, “అది దీనిలో కాదమ్మా,” అనెను. అది స్మార్ట్ హైబ్రిడ్, అనగా మైల్డ్ హైబ్రిడ్. అందలి చిన్న మోటారు ఇంజనుకు చేయూత నిచ్చునే గాని తానుగా బండిని లాగలేదు. తానుగా లాగగలిగినది స్ట్రాంగ్ హైబ్రిడ్. గ్రాండ్ విటారా విడుదలైననాడు మొదటిరకము షోరూము ధర 10.45 లక్షలనుండియు, రెండవరకము 17.99 లక్షలనుండియు ఉండెను. పేరొక్కటే, ధరలలో నింత యంతరము! కావున ఇంజను ఆగి బండి కదలునా యను ప్రశ్న మొదట అడుగుడు. తరువాతి మాటలన్నియు దానిపై నాధారపడును.

పత్రములలో స్ట్రాంగ్ హైబ్రిడ్ లీటరుకు 27.97 కిలోమీటర్లని యున్నది. అదే బండి గేర్లు మార్చుకొనెడి మైల్డ్ రకమునకు 21.11. ఇవి పరీక్షాశాలలో తీసిన అంకెలు. ఎండలో ఏ.సి. వేసికొని, అయిదుగురము కూర్చుండి, గుంటలు తప్పించుకొనుచు పోవు బండికి అంత రాదు. నేను మొదటిదానికి 21, రెండవదానికి 15 అని తగ్గించి వేసికొంటిని. పెట్రోలు లీటరు 107 రూపాయలనుకొంటిని. సౌకర్యములు సమానముగా నున్న తరగతులను పోల్చి, ధరలో తేడా మూడు లక్షలనుకొంటిని. మీ లెక్కలో ఈ యంకెలు మారవచ్చును, వరుస మాత్రము ఇదే.

నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగినచో మిగులునది 19 లీటర్లు, అనగా సుమారు 2,040 రూపాయలు. ఏడాదికి ఇరువదినాలుగు వేల యయిదువందలు. మూడు లక్షలు తిరిగి వచ్చుటకు పండ్రెండేండ్లు! మా పాత కారు సర్వీసు కాగితములు తీసి చూడగా, మేము తిరుగునది నెలకు 400 కిలోమీటర్లే. ఆ లెక్కన ముప్పది యేండ్లు పట్టును. అప్పటికి మా మనుమలు కారు నడుపుచుందురు. అప్పుచేసి కొన్నచో వడ్డీ వేఱు. దినమును ఇచటినుండి హనుమకొండకు ఉద్యోగమునకు పోయివచ్చువారు నెలకు 2,500 కిలోమీటర్లు తిరిగినను ఆశ్చర్యము లేదు; వారికి అయిదేండ్లలో సొమ్ము చేరును. అయితే ఇందులోను ఒక మెలిక కలదు. ఆగుచు కదలుచు పోవు నగరపు రద్దీలోనే హైబ్రిడ్ ఎక్కువ మిగుల్చును. ఒకే వేగముతో సాగు పెద్దరోడ్డుపై బ్రేకు నొక్కు పని తక్కువ గనుక మిగులును తక్కువే. హైదరాబాదులోని మా ఆడుబిడ్డకు తగినది జమ్మికుంటలో మాకు తగవలెనని లేదు.

మూడు లక్షలనిన వినుటకు తేలిక. మా మార్కెటు యార్డులో ప్రత్తి బస్తాలు తూచునప్పుడు తెలియును దాని బరువు. 2025-26లో పొడవుపింజ ప్రత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. అనగా 37 క్వింటాళ్ళు. ఎకరమునకు ఎనిమిది క్వింటాళ్ళు పండినదనుకొన్నను, నాలుగున్నర యెకరముల పంట ఆ తేడాకే పోవును. విత్తనములు, మందులు, ఏరుకూలి తీసివేయకముందరి మాట యిది.

లెక్క కుదిరినవారును బండిని చూడకుండ బయానా ఈయరాదు. ఇంటివారినందఱిని తీసికొనిపోవుడు. మా అత్తగారు వెనుక తలుపు తెరిపించి, “గిండ్ల రెండు బియ్యం బస్తాలు పడ్తయా?” అని యడిగిరి. ఆ ప్రశ్నకు ఇంజనీరైనను తలవంచవలసినదే! స్ట్రాంగ్ హైబ్రిడ్ గ్రాండ్ విటారాలో బ్యాటరీ చోటు ఆక్రమించుటచే సామాను స్థలము 373 లీటర్లనుండి 265కు తగ్గినది. హాస్టలుకు పోవు పిల్ల పెట్టె, పరుపు, పచ్చళ్ళ జాడీలు తీసికొనిపోయి, పెట్టి చూడుడు, సిగ్గుపడవలదు.

ఈ యూరివారికి ప్రత్యేకముగా నొక మాట. చాల హైబ్రిడ్లలో బ్యాటరీని చల్లార్చుటకు గాలి వెనుక సీటు చెంత నున్న కంతలగుండ పోవును. దానికొక వడపోత జాలియుండును. మా యొద్ద ప్రత్తి కాలమున గాలిలో దుమ్ముతోపాటు దూదినూగు ఎగురును. ఆ కంతలకు సంచులు అడ్డము పెట్టరాదు, జాలిని సర్వీసులో శుభ్రము చేయించవలెను. అది మూసికొన్నచో వేసవిలో బ్యాటరీ వేడెక్కును. బండిలో నారింజరంగు తీగలున్నవి. అవి అధిక విద్యుత్తు తీగలు. ఎంత నేర్పరియైనను శిక్షణ లేని మెకానిక్కును వానిని ముట్టనీయరాదు. కావున నేర్చిన సర్వీసువారు ఎంత దూరమున నున్నారో కొనకముందే కనుగొనుడు. బ్యాటరీకి టొయోటావారు 8 యేండ్లు లేక 1,60,000 కిలోమీటర్ల హామీ యిచ్చుచున్నారు. పాత హైబ్రిడ్ కొనువారు అందెంత మిగిలినదో చూచుకొనవలెను.

పన్ను సంగతి త్వరగా చెప్పెదను. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వము రోడ్డు పన్ను మినహాయించినది పూర్తి విద్యుత్తు వాహనములకు. ఆ మాట విని హైబ్రిడ్ కారునకును పన్ను లేదనుకొనవలదు. పన్ను, భీమా, రిజిస్ట్రేషను కలిపి బండి రోడ్డెక్కు ధర కాగితముపై వ్రాయించుకొని యింటికి రండు.

మేమట్లే తెచ్చుకొంటిమి. మా మరిది ఆ కాగితమును మడిచి జేబులో పెట్టుకొని రెండుదినములు మాటలాడలేదు. తరువాత వంటయింటి కాలెండరుపై పాత కారు మీటరు అంకె తానే వ్రాసి, “ఒక నెల చూతము వదినా,” అనెను. నెల నిండినపుడు వచ్చినది 412. దానిక్రింద ఒక గీత గీసి, ఫోను తీసి, మామూలు పెట్రోలు బండి ధర యెంతయని యడిగెను. ప్రక్కగదినుండి మా అత్తగారు, “బస్తాల సంగతి గూడ అడుగుబిడ్డా!” అని కేకవేసిరి.