చక్కని వెల్డింగు వరుస పోయుట ఎట్లు? క్రొత్తగా నేర్చుకొను రైతులకు సూచనలు

దుక్కి అదను దాటిపోవుచున్న వేళ గొర్రు ఫ్రేము విరిగినను, కేజి వీలు పట్టీ ఊడినను, దానిని పట్టణమునకు తీసికొని పోయి అతికించుకొని వచ్చునప్పటికి ఒక పూట గడచిపోవును. నేడు సింగిల్ ఫేజు కరెంటుతో పనిచేయు చిన్న ఇన్వర్టరు వెల్డింగు మిషనులు వచ్చినవి. అయితే మిషను కొన్నంత మాత్రమున అతుకు కుదరదు. పైకి అతికినట్లు కనబడి లోపల ఇనుము కలియని వెల్డింగు, విరిగిన పనిముట్టుకంటె ప్రమాదకరము. విరిగినదానిని ఎవరును నమ్మరు. దొంగ అతుకును నమ్మి బరువు వేయుదురు. కావున మొదట పాత ఇనుప ముక్కలపై వరుసలు పోయుట నేర్చి, పిమ్మటనే పనిముట్ల జోలికి పోవలెను.

వెల్డింగులో జరుగునదేమి?

కడ్డీ కొసకును ఇనుమునకును నడుమ గల చిన్న సందులో కరెంటు దూకినప్పుడు తీవ్రమైన వెలుగు, వేడి పుట్టును. దీనినే ఆర్కు అందురు. మామూలు ఇనుము సుమారు 1,500 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగును. ఆర్కు వేడి అంతకు రెండింతలు మించి యుండును. కనుక కడ్డీ కొసయు, క్రింది ఇనుమును కరిగి చిన్న మడుగుగా కలిసి, చల్లారిన పిదప ఒకే ముక్క యగును. కడ్డీ పైపూత కాలి వచ్చు పొగ ఈ మడుగునకు గాలి తగులకుండ కాపాడును. మిగిలిన పూత చిట్టెమై వరుసపై పొరవలె గట్టిపడును. దీనినే వర్క్‌షాపులలో స్లాగ్ అందురు. కడ్డీలకు చెమ్మ తగిలిన ఈ రక్షణ చెడి, వరుసలో బెజ్జములు పడవచ్చును. కావున కడ్డీలను మూతగల డబ్బాలో పొడిగా నుంచవలెను.

కడ్డీ, కరెంటు

నేర్చుకొనువారికి 6013 రకపు కడ్డీ అనుకూలము. ఇది సులభముగా అంటుకొనును, చిట్టెము తేలికగా రాలును. 3.15 మిల్లీమీటర్ల కడ్డీని అంగళ్లలో 10 గేజి అనియు, 2.5 మిల్లీమీటర్ల కడ్డీని 12 గేజి అనియు అడుగుదురు.

2.5 మి.మీ. కడ్డీకి: 60 నుండి 90 ఆంపియర్లు
3.15 మి.మీ. కడ్డీకి: 90 నుండి 130 ఆంపియర్లు

పొట్లముపై ముద్రించిన అంకెలను కూడ చూచి, నడిమి అంకెతో మొదలుపెట్టవలెను. 6 మి.మీ. మందపు రేకు ముక్కపై 3.15 కడ్డీతో సాధన చేయుట మంచిది. పలుచని రేకుపై మొదలుపెట్టిన చిల్లులు పడి నిరుత్సాహము కలుగును.

సాధన చేయు విధము

1. ఇనుముపై గల త్రుప్పు, రంగు, గ్రీజు, మట్టి పూర్తిగా తొలగించి మెరయునట్లు గీకవలెను. ఎర్త్ క్లాంపును కూడ శుభ్రమైన చోటనే బిగించవలెను. సుద్దముక్కతో సరళరేఖ గీయవలెను.

2. ముసుగు దించుకొని, అగ్గిపుల్ల గీసినట్లు కడ్డీ కొసను ఇనుముపై గీచి కొద్దిగా పైకెత్తవలెను. కడ్డీ అతుక్కొన్నచో మణికట్టుతో ప్రక్కకు త్రిప్పి విడిపించవలెను. రాకున్న హోల్డరు నొక్కి కడ్డీని వదలివేయవలెను.

3. కడ్డీ కొసకు, మడుగునకు మధ్య దూరము కడ్డీ లోని తీగ లావుకు మించరాదు. అనగా సుమారు 3 మి.మీ. కడ్డీ కరిగి పొట్టిదగుచున్న కొలది చేతిని క్రిందికి దించుచుండవలెను. క్రొత్తవారు చేతిని ప్రక్కకు జరుపుదురే గాని క్రిందికి దించుట మరతురు.

4. కుడిచేతివారు ఎడమనుండి కుడికి పోవలెను. హోల్డరు పోవు దిశకు 10 నుండి 20 డిగ్రీలు వాలియుండగా, కడ్డీ కొస వెనుకనున్న మడుగు వైపు చూచుచుండవలెను.

5. ఆర్కు వెలుగును గాక దాని వెనుకనున్న మడుగును చూడవలెను. దున్నువాడు సాలును చూచుకొన్నట్లే ఇదియును. మడుగు కడ్డీ లావుకు రెండు, రెండున్నర రెట్లు వెడల్పగువరకు ఆగి, అదే వెడల్పు నిలుచునట్లు ముందుకు జరుగవలెను.

6. చివర గుంట మిగులకుండ క్షణకాలము ఆగి, కొంచెము వెనుకకు వచ్చి కడ్డీని ఎత్తవలెను.

మూకుడులో గారెలు వేగునప్పటి చిటపట శబ్దము ఎడతెగక వినబడిన, దూరము, కరెంటు సరిగా నున్నవని గ్రహించవచ్చును.

వరుసను చూచి లోపము తెలిసికొనుట

చిట్టెము చల్లారినపిమ్మట కళ్లద్దములు ధరించి సుత్తితో రాల్చి, తీగ బ్రష్షుతో తుడిచి పరీక్షించవలెను.

వరుస ఉబ్బెత్తుగా త్రాడువలె పైన కూర్చుండి, కడ్డీ మాటిమాటికి అతుక్కొన్నచో కరెంటు చాలలేదు.

అంచుల వెంబడి గాడి పడి, కడ్డీ ఎర్రబడి, తుంపరలు ఎక్కువైనచో కరెంటు హెచ్చు.

వెడల్పు అస్తవ్యస్తమై, తుంపరలు చుట్టు చెదరినచో ఆర్కు దూరము పెరిగినది.

వరుస సన్నగిలి, అలలు కోసుగా నున్నచో చేయి తొందరపడినది. మిక్కిలి వెడల్పై పోగుపడినచో ఆలస్యమైనది.

ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఫలితమును చూడవలెను.

విరిచి చూడుడు

వరుసలు నున్నగా వచ్చిన పిదప, ఒక ముక్కపై మరొక ముక్కను నిలువుగా నిలిపి ఒక్క ప్రక్కనే వెల్డింగు చేయవలెను. చల్లారినపిమ్మట వైసులో బిగించి, వెల్డింగు చేసిన వైపునకే సుత్తితో మడవవలెను. అతుకు విరిగిన, లోపల చూడుడు. మూలలో కరగని అంచు, చిట్టెపు ముక్కలు, బెజ్జములు కనబడిన ఇంకను సాధన కావలెను. పైమెరుపు చూచి మోసపోరాదు.

తప్పనిసరి జాగ్రత్తలు

ఆర్కును ఉత్తకంటితో చూడరాదు. 10 లేక 11 నెంబరు నల్ల అద్దము ముసుగునకు ఉండవలెను. చూచిన కొన్ని గంటలకు కంటిలో ఇసుక పోసినంత బాధ కలుగును. అట్లైన పసరులు, పాలు పోయక వైద్యునికి చూపవలెను. చూడవచ్చు పిల్లలను దూరముగా నుంచుడు.

తోలు చేతితొడుగులు, నూలు బట్టలు, బూట్లు ధరించవలెను. నైలాను బట్టలు కరిగి ఒంటికి అంటుకొనును. తడినేలపై, తడిచేతులతో పని చేయరాదు. మిషనుకు ఎర్తు తప్పక యుండవలెను.

అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2017లో వెల్డింగు పొగను క్యాన్సరు కలిగించు వాటిలో చేర్చినది. కావున గాలి ఆడుచోట, పొగలో తల పెట్టక పని చేయవలెను. జింకు పూత గొట్టముల పొగ జ్వరము, చలి కలిగించును.

గడ్డివామి, ధాన్యపు బస్తాల దాపున వెల్డింగు కూడదు. ఖాళీ డీజిలు డ్రమ్ము, పురుగుమందు డబ్బా ఎన్నడును వెల్డింగు చేయరాదు. లోపలి ఆవిరి పేలును.

ట్రాక్టరుకు తగిలించియున్న పనిముట్టును విడదీసి, వెల్డింగు చోటి ప్రక్కనే ఎర్త్ క్లాంపు బిగించవలెను. లేనిచో కరెంటు బేరింగుల గుండ పోయి వాటిని చెరుపును. ట్రాక్టరుపైననే చేయవలసివచ్చిన బ్యాటరీ తీగలను ఊడదీయవలెను.

ట్రాలీ హుక్కు, డ్రాబారు, ఇరుసు, బ్రేకు భాగములను నేర్చుకొనువారు అతుకరాదు. నిండు ట్రాలీ రోడ్డుపై తెగిపోయిన పోవునవి ప్రాణములు. అట్టివి అనుభవజ్ఞునికే అప్పగించుడు. పోత ఇనుము, కమాను పట్టీలు ఈ కడ్డీతో అతికిన ప్రక్కన పగులును.

రోజునకు ఒక గంట చొప్పున, సేద్యపు పనులు తెరిపిగా నున్న వేసవిలో సాధన చేసిన, తొలకరి నాటికి చిన్న మరమ్మతులు ఇంటివద్దనే చేసికొనవచ్చును. తొందరపడక, పాడైన ప్రతి వరుసను పరిశీలించువారికే చేయి కుదురును.