పందికొక్కు ఇంగ్లిష్ నేర్చింది!

తిరుమలగిరిలో ధాన్యం బస్తాలున్న ఏ ఇంట్లోనైనా అడగండి... పందికొక్కు చేసే నష్టం కథలుగా చెబుతారు. ఇంగ్లిష్ నిఘంటువులోని 'బ్యాండికూట్' ఆ పందికొక్కే! మన మాటే అటు వెళ్లింది. మరి ఇంగ్లిష్ మాటలంటే మన పిల్లలకు అంత గుబులెందుకు?

కారణముంది. ఇంటర్ కాగానే శామీర్‌పేటలోని నల్సార్‌లో లా చదవాలంటే క్లాట్ రాయాలి. ప్రశ్నపత్రం ఇంగ్లిష్‌లోనే. తప్పు జవాబుకు పావు మార్కు కోత. అందుకే తెలుగు మీడియం విద్యార్థి మాటల పట్టిక ముందేసుకుని బట్టీ పడతాడు. పొద్దున నేర్చింది రాత్రికి గుర్తుండదు.

సులువైన దారి తెలుగు వాచకంలోనే ఉంది. పేరు లేనివాడు అనామకుడు. ఇంగ్లిష్‌లో 'అనానిమస్'. గ్రీకులో 'అన్' అంటే లేకపోవడం, 'ఓనిమా' అంటే పేరు. నిప్పంటించడం 'ఇగ్నైట్'. లాటిన్‌లో నిప్పు 'ఇగ్నిస్', మనకు అగ్ని. దంతానికి సంబంధించింది 'డెంటల్'. ఇదేదో కాకతాళీయం కాదు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉంటాయని విలియం జోన్స్ 1786లోనే కలకత్తాలో చెప్పాడు. సంస్కృతం నుంచి తెలుగు బోలెడు మాటలు తెచ్చుకుంది. ఆ చుట్టరికం మనకూ కలిసొచ్చింది.

అలాగని పోలిక ఉన్నవన్నీ చుట్టాలు కావు. 'మనీ'కీ మణికీ ఏ బంధుత్వమూ లేదు!

పైగా 2020 నుంచి క్లాట్‌లో పెద్ద పేరా ఇచ్చి, దానిమీదే ప్రశ్నలడుగుతున్నారు. కాబట్టి రోజూ ఓ ఇంగ్లిష్ సంపాదకీయం చదవాలి. తెలియని మాట వస్తే ముందు దాని అటూ ఇటూ ఉన్న వాక్యాలు చూడాలి. నిఘంటువు తెరవడం ఆ తర్వాతే.